ఛాంపియన్‌షిప్ వారంలో గుర్రానికి ఎన్ని జంపులు? లెక్క వేసుకునే పద్ధతి

షో జంపింగ్, అంటే గుర్రం మీద అడ్డంకులు దూకే పోటీల సీజన్ మొదలవగానే నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే ప్రశ్న. "సార్, గుర్రం హుషారుగానే ఉంది. ఇంకో క్లాసులో కూడా పేరిచ్చేయమంటారా?" క్లాసు అంటే ఒక ఎత్తుకి పెట్టే ఒక్కో పోటీ. అడిగేది ఎక్కువగా పిల్లల తల్లిదండ్రులు, అప్పుడప్పుడు రైడర్లు. నేను తిరిగి అడిగేదీ ఒకటే: "సోమవారం నుంచి ఇప్పటిదాకా ఎన్ని జంపులు చేసింది?" అవతల కాసేపు నిశ్శబ్దం. రౌండ్లు (రింగులో పెట్టిన అడ్డంకులన్నీ ఒకసారి దూకి రావడం ఒక రౌండు) ఎన్నో చెప్తారు గానీ వార్మప్‌లో ఎన్ని జంపులయ్యాయో ఎవరూ చెప్పలేరు.

చాలా గుర్రాలు అరిగిపోయేది వార్మప్ మైదానంలోనే. రింగులో 11 జంపులు దూకడానికి వెనకాల 30 దూకించిన రైడర్లను నేను కళ్లారా చూశాను. ఒకప్పుడు నేనూ దూకించాను, ఆ కథ తర్వాత చెప్తాను.

90 సెంటీమీటర్ల నుంచి 1.20 మీటర్ల దాకా క్లాసుల్లో, మూడు నాలుగు రోజుల ఛాంపియన్‌షిప్‌కి సొంత గుర్రంతోనో క్లబ్ గుర్రంతోనో వెళ్లేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. హైదరాబాద్ చుట్టుపక్కల క్లబ్బుల్లో ఎక్కువగా ఉండేవి రేసుల నుంచి రిటైరై వచ్చిన థరోబ్రెడ్ జాతి గుర్రాలు. వాటికి పరిగెత్తమంటే ఉత్సాహం ఎక్కువ, అలసట ఒక పట్టాన బయటపెట్టవు. "హుషారుగానే ఉంది" అన్న మాటను నేను అంత తేలిగ్గా నమ్మకపోవడానికి కారణం అదే.

పెద్ద పోటీల గుర్రాల సంగతేంటని అడుగుతారు కాబట్టి ఒక్క ఉదాహరణ. 2022లో డెన్మార్క్‌లోని హెర్నింగ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆగస్టు 10, 11, 12 తేదీల్లో వరుసగా మూడు రౌండ్లు, 13న విశ్రాంతి, 14న వ్యక్తిగత ఫైనల్లో రెండు రౌండ్లు. చివరిదాకా నిలిచిన గుర్రం అయిదు రోజుల్లో అయిదు రౌండ్లు దూకింది. అక్కడ స్వర్ణం గెలిచిన స్వీడన్ రైడర్ హెన్రిక్ ఫాన్ ఎకర్‌మన్ గుర్రం కింగ్ ఎడ్వర్డ్, అంతకు ముందు ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లో ఆరు రౌండ్లు ఒక్క పోల్ (అడ్డంకి మీది కర్ర) పడకుండా దూకింది. ప్రపంచంలో అన్నిటికంటే గట్టి గుర్రాలకే వారానికి ఇంత పని. మన క్లబ్ గుర్రానికి మూడు రోజుల్లో ఎనిమిది రౌండ్లు పెట్టేముందు ఇది ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

కావాల్సినవి

ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను. ఫోన్లో రాసుకుంటామంటారు, రెండో రోజుకే మానేస్తారు. డిజిటల్ థర్మామీటర్, దాని చివర కట్టిన దారం, ఆ దారానికి ఒక క్లిప్పు (తోకకి తగిలించడానికి, లేకపోతే లోపలికి జారిపోయే ప్రమాదం ఉంది). మామూలు స్టెతస్కోప్, చవకది చాలు. సెకన్ల ముల్లున్న గడియారం. మీ స్టేబుల్‌వే నాలుగు బకెట్లు, స్పాంజి. గుర్రం బరువు అంచనా వేసే టేప్ దొరికితే మంచిది. ఉప్పు.

ఇంకా తొమ్మిది చింతపిక్కలు. నవ్వకండి, అవి దేనికో 5వ మెట్టులో చెప్తాను.

1. ఇంట్లో ఉండగానే వారం రోజుల కొలతలు రాయండి

పోటీలో కొలిచిన అంకె ఎక్కువో తక్కువో తెలియాలంటే మీ గుర్రానికి మామూలుగా ఎంత ఉంటుందో ముందే తెలిసి ఉండాలి. బయల్దేరడానికి వారం ముందు నుంచి రోజూ ఉదయం, దాణా పెట్టకముందు, గుర్రం ప్రశాంతంగా నిలబడి ఉన్నప్పుడు ఇవి రాయండి.

గుండె వేగం: ఎడమ ముందుకాలి మోచేతి వెనక స్టెతస్కోప్ పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. "లబ్-డబ్" కలిపి ఒకటి. కొత్తవాళ్లు రెండుగా లెక్కపెట్టి 72 వచ్చిందని కంగారుపడతారు. విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 దాకా మామూలే.

శ్వాస: డొక్క కదలిక చూసి లెక్కపెట్టండి. 8 నుంచి 16 దాకా ఉంటుంది.

జ్వరం (థర్మామీటర్ మలద్వారంలో పెట్టి చూసే ఒంటి ఉష్ణోగ్రత): 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య మామూలు. మీ థర్మామీటర్ ఫారెన్‌హీట్‌దైతే దాదాపు 99.5 నుంచి 101.3.

కాళ్లు: నాలుగు కాళ్లూ మోకాలి నుంచి డెక్క దాకా చేత్తో తడమండి. వెనకవైపు తాడులా తగిలే టెండన్ మీద వేడి, వాపు ఉన్నాయేమో రెండు కాళ్లనూ పోల్చి చూడండి. పాత గడ్డలు, మచ్చలు ఎక్కడున్నాయో బొమ్మ గీసి పెట్టుకోండి. "ఇది నిన్న కూడా ఉందా?" అని పోటీ రోజు పొద్దున సైసుతో (గుర్రాన్ని చూసుకునే మనిషితో) వాదన పెట్టుకునే అవసరం ఉండదు.

తిండి, నీళ్లు, లద్దె: ఎన్ని బకెట్లు తాగింది, దాణా ఎంతసేపట్లో ముగించింది, రోజుకు ఎన్నిసార్లు లద్దె వేసింది. 500 కిలోల గుర్రం మామూలు వాతావరణంలో రోజుకు 25 లీటర్ల పైనే తాగుతుంది. మన ఎండల్లో, పని ఉన్న రోజుల్లో దానికి రెట్టింపు కూడా అవుతుంది.

2. జంపుల లెక్క వేయండి (పేరు ఇవ్వకముందే)

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇది. చాలామంది దాటేసేదీ ఇదే.

ముందు ఒక పొరపాటు సరిచేసుకుందాం. కోర్సులో 10 ఫెన్సులు (అడ్డంకులు) ఉంటే 10 జంపులని కాదు. డబుల్ కాంబినేషన్ (దగ్గరదగ్గరగా పెట్టి ఒకే ఫెన్సుగా లెక్కేసే అడ్డంకులు) ఉంటే అందులో రెండు జంపులు, ట్రిపుల్ ఉంటే మూడు. 12 ఫెన్సుల కోర్సులో ఒక డబుల్, ఒక ట్రిపుల్ ఉంటే మొత్తం 15 జంపులు.

ఇప్పుడు మూడు రోజుల 1.10 మీటర్ల పోటీని ఉదాహరణగా తీసుకోండి.

మొదటి రోజు: రౌండులో 11, వార్మప్‌లో 9. మొత్తం 20.
రెండో రోజు: అదే లెక్క, 20.
మూడో రోజు ఫైనల్: మొదటి రౌండు 13, రెండో రౌండు 10, వార్మప్ 9, రెండో రౌండుకు ముందు 3. మొత్తం 35.

మూడు రోజులకు 75. ఫిట్‌గా ఉన్న గుర్రానికి ఇది సమంజసమైన పని.

అదే గుర్రం మీద ఇంకో అబ్బాయి మొదటి రెండు రోజులూ దిగాడనుకోండి. అతనికీ రోజుకు 11 రౌండులో, 9 వార్మప్‌లో. 40 పెరిగి 115 అయింది. "ప్రాక్టీసు కోసం" అని రోజుకో ఓపెన్ క్లాసు కూడా కలిపితే 150 దాటుతుంది. ఒక్కో క్లాసును విడిగా చూస్తే ఏదీ ఎక్కువ అనిపించదు. కలిపి కూడినప్పుడే గుండె ఝల్లుమంటుంది.

నేను పాటించే హద్దు: రోజుకు రెండు రౌండ్లు, వార్మప్‌తో కలిపి 40 జంపులు. ఇది ఏ రూల్‌బుక్‌లోనూ లేదు, నా అనుభవంలోంచి వచ్చిన అంకె. వయసు 16 దాటిన గుర్రానికి, మధ్యలో గాయమై కోలుకున్నదానికి రోజుకు ఒక్క రౌండే.

ఒకే గుర్రాన్ని ఇద్దరు పంచుకోక తప్పదంటే? క్లబ్బుల్లో ఇది మామూలే, వద్దంటే సగం మంది పిల్లలకు అవకాశమే రాదు. ఇలా చేయండి: రెండో రైడర్‌కి మళ్లీ పూర్తి వార్మప్ వద్దు, గుర్రం ఆ రోజు అప్పటికే దూకి ఉంది. రైడర్‌కి అలవాటు కావడానికి 4 జంపులు చాలు. అప్పుడు 11, 11, 9, 4 కలిపి 35. హద్దులోనే ఉన్నాం. ఇద్దరి రౌండ్ల మధ్య కనీసం గంట ఉండేలా నిర్వాహకులను ముందే అడిగి స్టార్ట్ ఆర్డర్ మార్పించుకోండి. మూడో రైడర్‌ని మాత్రం ఒప్పుకోకండి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనే ఒకప్పుడు ఫైనల్ చేరిన నలుగురు ఒకరి గుర్రాలు ఒకరు మార్చుకునేవారు, ఒక్కో గుర్రం నలుగురు రైడర్లతో దూకేది. చూసేవాళ్లకు మహా రంజుగా ఉండేది. 2014లో ఫ్రాన్స్‌లోని కాన్‌లో జరిగిందే ఆఖరు, ఆ తర్వాత ఆ పద్ధతే ఎత్తేశారు.

3. చివరి వారం పని తగ్గించండి

ఎత్తు జంపుల ఆఖరి ప్రాక్టీసు పోటీకి నాలుగైదు రోజుల ముందే అయిపోవాలి. ఆ తర్వాత ఫ్లాట్ పని (జంపుల్లేని స్వారీ), నేల మీద పోల్స్, బయట నడక. బయల్దేరే ముందు రోజు సాయంత్రం "ఒక్కసారి చూసుకుందాం" అని దూకించడం వల్ల గుర్రం కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు. ఆ ప్రాక్టీసు మన టెన్షన్ తగ్గించుకోవడానికే. ఆ టెన్షన్‌కి ఇంకేదైనా మందు వెతుక్కోండి.

లాడాలు వారం పది రోజుల ముందు వేయించండి. ముందురోజు వేయిస్తే, ఒక మేకు కాస్త లోపలికి దిగినా కుంటు పోటీ మైదానంలో బయటపడుతుంది.

4. ప్రయాణం, చేరాక మొదటి రోజు

హైదరాబాద్ నుంచి బెంగళూరు దాదాపు 570 కిలోమీటర్లు, ఢిల్లీ అయితే 1,500 పైనే. లారీలో నిలబడి బ్యాలెన్స్ చేసుకోవడమూ గుర్రానికి పనే. దాన్ని సెలవుగా లెక్కేయకండి.

అన్నిటికంటే పెద్ద తప్పు తలను ఎత్తుగా, బిగుతుగా కట్టేయడం. గుర్రం తల కిందికి వంచితేనే ముక్కులోకి, గొంతులోకి వెళ్లిన దుమ్ము, కఫం బయటికి వస్తాయి. గంటల తరబడి తల ఎత్తి ఉంచితే ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ పట్టుకుంటుంది. మూడు నాలుగు గంటలకోసారి ఆపండి, పగ్గం వదులు చేసి తల దించనివ్వండి, నీళ్లు చూపించండి. గడ్డి తడిపి పెట్టండి. వేసవిలో రాత్రి ప్రయాణమే మేలు.

కొత్త ఊళ్లో నీటి రుచి నచ్చక తాగని గుర్రాలుంటాయి. వారం ముందు నుంచే ఒక బకెట్‌లో కాస్త బెల్లం కలిపి అలవాటు చేస్తే, అక్కడా అదే రుచి ఇవ్వొచ్చు. పక్కన మామూలు నీళ్ల బకెట్ మాత్రం ఎప్పుడూ ఉండాలి.

చేరాక రోజుకు రెండుసార్లు జ్వరం చూడండి. 2021 ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని వాలెన్సియా పోటీల్లో గుర్రాలకు హెర్పిస్ వైరస్ సోకి యూరప్‌లో చాలా దేశాలకు పాకింది, గుర్రాలు చనిపోయాయి. ఆ తర్వాత నుంచే అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఈఐ తన పోటీల్లో రోజుకు రెండుసార్లు జ్వరం నమోదు చేయడం తప్పనిసరి చేసింది. మన పోటీలో ఎవరూ అడగకపోయినా చేయండి. 38.5 దాటితే జీను వేయొద్దు, డాక్టర్‌ని పిలవండి, మీ బకెట్లు పక్క గుర్రానికి ఇవ్వకండి.

పోటీకి ముందు కనీసం ఒక పూర్తి రోజు ఉండేలా చేరుకోండి. ఆ రోజు నడక, తేలికపాటి ట్రాట్ (నెమ్మది పరుగు) మాత్రమే.

5. వార్మప్: తొమ్మిది చింతపిక్కలు

దాణా పోటీకి మూడు నాలుగు గంటల ముందే అయిపోవాలి. గడ్డి మాత్రం ఆపకండి. ఖాళీ కడుపుతో పరిగెత్తితే లోపలి ఆమ్లం చింది కడుపులో పుండ్లు పడతాయి. ఎక్కే ముందు రెండు గుప్పెళ్ల లూసర్న్ గడ్డి పెట్టడం మంచిది. నీళ్లు కూడా ఆపొద్దు. "నీళ్లు తాగితే బరువెక్కుతుంది" అనేది పాత మూఢనమ్మకం.

ముక్కు పట్టీ బిగింపు చూడండి. ముక్కు ఎముక మీద, పట్టీకి ఎముకకి మధ్య రెండు వేళ్లు పట్టాలి. పక్కన చెంప దగ్గర వేళ్లు పెట్టి "సరిపోయింది" అనొద్దు, అక్కడ ఎప్పుడూ ఖాళీ ఉంటుంది. 2025 నుంచి ఎఫ్‌ఈఐ పోటీల్లో దీన్ని కొలవడానికి ప్రత్యేకంగా ఒక పరికరమే వచ్చింది.

నడక 10-15 నిమిషాలు. ట్రాట్, క్యాంటర్ (ట్రాట్ కంటే వేగమైన పరుగు) కలిపి 10 నిమిషాలు. తర్వాత జంపులు: క్రాస్ (X ఆకారంలో పోల్స్) 2, వర్టికల్ (వెడల్పు లేని నిట్టనిలువు ఫెన్స్) 3, ఆక్సర్ (ముందూ వెనకా పోల్స్ ఉన్న వెడల్పాటి ఫెన్స్) 3, ఆఖరుగా వర్టికల్ 1. మొత్తం తొమ్మిది.

ఫెన్స్ దగ్గర నిలబడే మనిషి జేబులో తొమ్మిది చింతపిక్కలు వేయండి. ఒక్కో జంపుకి ఒకటి ఈ జేబులోంచి ఆ జేబులోకి. జేబు ఖాళీ అయితే వార్మప్ అయిపోయింది. రైడర్ "ఇంకొక్కటి" అంటాడు. అందరూ అంటారు. పిక్క లేదని చెప్పండి. కోచ్ మాట వినని పిల్లలు కూడా ఖాళీ జేబు చూపిస్తే వింటారు, ఎందుకో నాకూ తెలియదు.

పోల్ తగిలి పడిందా? ఒక్కటి అదనంగా దూకించండి, అదే ఎత్తులో లేదా ఒక మెట్టు తగ్గించి. పెంచి దూకించొద్దు. ఎఫ్‌ఈఐ నియమం ప్రకారం 1.40 మీటర్లు, అంతకు తక్కువ క్లాసులకు వార్మప్ ఫెన్స్ ఆ క్లాసులోని గరిష్ఠ ఎత్తు కంటే 10 సెంటీమీటర్లకు మించి ఉండకూడదు. నా మటుకు నేను క్లాసు ఎత్తు దాటను. ఎర్ర జెండా కుడివైపు, తెల్లది ఎడమవైపు ఉండేలా మాత్రమే దూకాలి. గుర్రం దూకేటప్పుడు కాళ్లకు తగిలేలా పోల్ ఎత్తడం నిషిద్ధం, చేసేవాళ్లను చూస్తే స్టీవార్డ్‌కి (మైదానం పర్యవేక్షించే అధికారికి) చెప్పండి. మొహమాటం వద్దు.

టైం లెక్క: ఒక్కో రైడర్‌కి దాదాపు రెండు నిమిషాలు. మీ ముందు ఎనిమిది మంది ఉన్నప్పుడు మొదటి జంప్, ఇద్దరు ఉన్నప్పుడు ఆఖరిది. తొందరపడి అరగంట ముందే మొదలుపెడితే, గుర్రం చల్లబడిందని మళ్లీ మొదటి నుంచి దూకిస్తారు. 30 జంపులు అయ్యేది సరిగ్గా ఇలాగే.

6. రౌండు అయ్యాక అరగంట

దిగగానే జీను బిగువు పట్టీ వదులు చేయండి. ఫొటోలు తర్వాత.

నీడలోకి తీసుకెళ్లి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోయండి, ఆపకుండా పోస్తూనే ఉండండి. వేడి ఒంటి మీద చల్లనీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయని మన స్టేబుళ్లలో ఇప్పటికీ చెప్తారు. అది నిజం కాదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ఎండలకు సిద్ధమవుతున్నప్పుడు చేసిన పరిశోధనల నుంచీ ఇది తేలిన విషయమే. తడి తువ్వాలు వీపు మీద కప్పి వదిలేయడం మాత్రం తప్పు. అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. తాగడానికి నీళ్లు వెంటనే ఇవ్వండి.

10 నిమిషాలకు ఒకసారి, 30 నిమిషాలకు ఒకసారి గుండె వేగం చూడండి. అరగంటకి 60 కిందికి రావాలి. రాకపోతే ఆ రోజుకి పని అయిపోయినట్టే, రెండో క్లాసు రద్దు. గుండె 50లోకి వచ్చి శ్వాస మాత్రం 80, 90 కొడుతుంటే అది ఇంకా వేడి దింపుకుంటోందని అర్థం. నీళ్లు, ఫ్యాన్ కొనసాగించండి. తూలుతున్నా, చెమట పట్టడం ఆగిపోయినా వెంటనే డాక్టర్.

సాయంత్రం కాళ్లకు 15-20 నిమిషాలు చల్లనీళ్ల ధార. దాణాలో రెండు టేబుల్ స్పూన్ల ఉప్పు. గుర్రం చెమటలో మన చెమట కంటే ఉప్పు ఎక్కువ పోతుంది. బ్యాండేజీ కట్టడం రాని వాళ్లు కట్టకండి. బిగుతు కట్టు చేసే నష్టం, కట్టకపోవడం కంటే ఎక్కువ.

7. మర్నాడు పొద్దున పరీక్ష

రోజు మొత్తంలో నమ్మాల్సిన పరీక్ష ఇదే. రాత్రి గుర్రం బాగానే కనిపిస్తుంది, ఒళ్లింకా వేడిగా ఉంటుంది కాబట్టి. నొప్పి పొద్దున బయటపడుతుంది.

ముందు తొట్టి చూడండి, దాణా మిగిలిందా. లద్దె చూడండి. తర్వాత గుండె, జ్వరం, కాళ్లు. వీపు మీద జీను కూర్చునే చోట అరచేత్తో నొక్కుతూ వెళ్లండి, ఒళ్లు ముడుచుకుంటే నొప్పి ఉన్నట్టే.

గట్టి నేల మీద, పగ్గం వదులుగా పట్టుకుని, 30 మీటర్లు ట్రాట్‌లో వెళ్లి రమ్మనండి. తల దగ్గరగా పట్టుకుని పరిగెత్తిస్తే కుంటు దాక్కుంటుంది. ముందుకాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేల తాకినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు తాకినప్పుడు దిగుతుంది. ఫోన్లో స్లోమోషన్‌లో తీసి, ఇంటి దగ్గర తీసిన వీడియోతో పోల్చండి. కొత్త కళ్లకు ఇదే సులువు.

ఏది ఎలా ఉంటే ఏం చేయాలంటే: కుంటు కనిపిస్తే దిగొద్దు, చర్చ లేదు. జ్వరం 38.5 దాటినా అంతే. పొద్దున గుండె వేగం ఇంటి అంకె కంటే 8 పైనే ఉంటే కారణం తెలిసేదాకా ఆపండి. దాణా సగం మిగిల్చి, మిగతావన్నీ బాగుంటే, ఆ రోజు ఒక్క రౌండే, వార్మప్ అయిదు జంపులతో. కాలిలో కాస్త నీరు దిగి, నడిపిస్తే పావుగంటలో పోతే రాత్రంతా నిలబడ్డం వల్ల వచ్చింది. పోకపోతే డాక్టర్.

ఇప్పుడు నా కథ. చాలా ఏళ్ల కిందట ఒక ఎర్ర గుర్రం, ఆడది, రేసుల నుంచి వచ్చింది. దానంత మనసున్న గుర్రం నాకు మళ్లీ దొరకలేదు. రెండో రోజు రాత్రి తొట్టిలో ఉలవలు మిగిల్చింది. చూశాను. ఎండ వల్ల అనుకున్నాను. మూడో రోజు ఫైనల్, ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ పతకం అవకాశం. ఇద్దరూ దూకారు. ఒక పతకం వచ్చింది కూడా. ఇంటికొచ్చిన రెండో రోజు ఎడమ ముందుకాలి టెండన్ అరటికాయలా ఉబ్బింది. ఎనిమిది నెలలు నిలబడిపోయింది, మళ్లీ 80 సెంటీమీటర్లు దాటలేదు. తర్వాత కూర్చుని కాగితం మీద కూడితే మూడు రోజుల్లో 130కి పైన. తప్పు పిల్లలది కాదు, వాళ్ల తల్లిదండ్రులదీ కాదు. తొట్టి చూసింది నేను.

8. మందుతో గట్టెక్కించొద్దు

"ఒక్క ఇంజెక్షన్‌తో సాయంత్రానికి సరిపోతుందట" అని ఎవరో ఒకరు చెప్తారు. నొప్పి తెలియని గుర్రం దెబ్బతిన్న కాలి మీదే పూర్తి బరువు వేసి దిగుతుంది. పైగా డోప్ పరీక్షలో దొరుకుతుంది. బ్యూట్ అని పిలిచే ఫినైల్‌బ్యూటజోన్‌కి ఎఫ్‌ఈఐ చెప్పే గుర్తింపు సమయం (మందు పరీక్షలో దొరికే కాలం) 7 రోజులు. అది కూడా హామీ కాదు. ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరే తేల్చాలి.

తెలియక దొరికేవాళ్లు ఇంకా పాపం. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో జర్మనీ జట్టు స్వర్ణం పోవడానికి కారణం లుడ్గర్ బీర్‌బామ్ గుర్రం గోల్డ్‌ఫీవర్‌కి చర్మం మంటకు రాసిన స్టెరాయిడ్ క్రీం. 2008లో నార్వే గుర్రం కమీరోలో మిరపలో ఉండే క్యాప్సైసిన్ దొరికి, జట్టు కాంస్యం పోయింది. మన నడుంనొప్పి బామ్‌లు కొన్నిటిలో ఉండేదీ అదే. కాబట్టి సైసు తన మోకాలికి బామ్ రాసుకుని అదే చేత్తో గుర్రం కాళ్లు తుడవకూడదు. టీ, కాఫీ, చాక్లెట్ గుర్రం దగ్గరికి తేవొద్దు. పిల్లలు ముద్దుగా పెడతారు, కావాలంటే బెల్లం ముక్క ఇవ్వమనండి. గడ్డి మోపులో ఉమ్మెత్త కలిసిందేమో విప్పి చూడండి. దాని విషం గుర్రానికీ ముప్పే, పరీక్షలోనూ పడుతుంది.

9. తప్పుకోవాల్సి వస్తే

అన్నిటికంటే కష్టం ఇదే. ఎంట్రీ ఫీజు పోతుంది, లారీ ఖర్చు పోతుంది, పిల్ల ఏడుస్తుంది. మొదటి రోజే, అందరూ ప్రశాంతంగా ఉన్నప్పుడే, పిల్లతో కూర్చుని నోట్‌బుక్ చూపించి "ఈ అంకె ఇది దాటితే దిగం" అని ఒప్పందం చేసుకోండి. పొద్దున ఆరింటికి కొలిచేది ఆ పిల్లే కావాలి. తను కొలిచిన అంకెతో ఎవరూ గొడవ పెట్టుకోరు. మనం చెప్తే మాత్రం సాయంత్రం దాకా వాదిస్తారు. ఆఫీసుకి క్లాసు మొదలవకముందే చెప్పండి, స్టార్ట్ లిస్టు సరిచేసుకుంటారు.

10. ఇంటికొచ్చాక

మొదటి రెండు రోజులు నడక, మైదానంలో స్వేచ్ఛగా వదిలిపెట్టడం అంతే. గుర్రం గుడ్డిదైనా దాణా తక్కువ కాదంటారు గానీ, సెలవు రోజు గుర్రానికి దాణా సగం తగ్గించాలి. పని లేకుండా పూర్తి దాణా తిన్న గుర్రాన్ని మూడో రోజు ఎక్కితే నడుం, తొడ కండరాలు రాయిలా పట్టేస్తాయి. గడ్డి మాత్రం ఎంతైనా పెట్టండి.

48 గంటల తర్వాత కాళ్లు మళ్లీ తడమండి. టెండన్ వాపు ఆలస్యంగా వస్తుంది, నా కథలో వచ్చినట్టే. వారం పది రోజులు జంపులు వద్దు.

పని సరిగ్గా పడిందో ఎక్కువైందో ఎలా తెలుస్తుంది?

ఆఖరి రోజు రౌండు వీడియో చూడండి. పోల్స్ కోర్సు మొదట్లో పడితే అది రైడర్ తప్పో, గుర్రం ధ్యాస తప్పడమో. చివరి మూడు నాలుగు ఫెన్సుల్లో, అదీ వెనక కాళ్లతో పడగొడితే అలసట. జీను తెస్తుంటే చెవులు వెనక్కి వేసిందా, మొదటి రోజు వేయలేదా? అదీ రాయండి. బరువు టేప్‌తో వెళ్లేముందు, వచ్చాక కొలిచి చూడండి. తగ్గిన బరువు రెండు మూడు రోజుల్లో తిరిగి వస్తే అది నీళ్ల లోటే. వారానికీ రాకపోతే పని ఎక్కువైంది.

ఆఖరుగా నోట్‌బుక్‌లో రెండు అంకెలు పక్కపక్కన వేయండి: మొత్తం ఎన్ని జంపులు, పొద్దున గుండె వేగం ఇంటి అంకెకి రావడానికి ఎన్ని రోజులు. వచ్చే సీజన్‌లో నాకు ఫోన్ చేసేముందు ఆ పేజీ తీసి పెట్టుకోండి, నేను అడిగేది అదే.